పరీక్షకు ముందు వారం

జూన్ 9

డైరీ రాసే అలవాటు నాకు లేదు. చెప్పుకోవలసినవి దేవుడికే మనసులో చెప్పుకుంటాను. ఈ రోజు చెప్పుకోబోతే మాట కుదరలేదు. అందుకని రాస్తున్నాను.

ముందు ఒక పొద్దున సంగతి రాయాలి. పోయిన నెలది. ప్రత్యేకం ఏమీ లేని పొద్దున.

ప్రార్థన ముగించి కిందికి దిగేసరికే తమ్ముడు లాండ్రీ తలుపులు తీసేశాడు. బాయిలర్ వేడెక్కుతోంది. లాడ్జి దుప్పట్లు ఒక గుట్ట, నర్సింగ్ హోమ్ దుప్పట్లు ఒక గుట్ట. నేను ఎప్పటిలాగే మరకలు వేరు చేయడానికి కూర్చున్నాను. రక్తం చన్నీళ్ళలోకి, నూనె సోడాలోకి, తుప్పు విడిగా. ఈ పని యంత్రానికి రాదు. మరదలు కౌంటర్ వెనక దుప్పట్ల మూలలకు గుర్తుదారాలు కుడుతోంది. లాడ్జికి ఎరుపు, నర్సింగ్ హోమ్‌కు నీలం.

తమ్ముడు మూటలు తూచే కాటా ఎక్కాడు. చిన్నప్పుడు మూర్ఛ మాత్ర మొదలుపెట్టిన ఏడాదే వాడికి ఒళ్ళొచ్చింది. బళ్ళో ‘మూట’ అని పేరు పెట్టారు. అది ఇంటికీ వచ్చి ఉండిపోయింది.

“మేడమ్, ఈ మూట తీసుకుంటారా?” అన్నాడు కాటా మీంచి.

“ఏ రంగు దారం కుట్టమంటారు?” మరదలు సూది ఎత్తి చూపింది.

“రంగు నీ ఇష్టం. నొప్పి లేకుండా కుట్టు, చాలు.”

మరదలు లేచొచ్చి కాటా ముల్లు చూసింది. “తగ్గారు! వదినా, చూశారా, ప్యాంటు జారిపోతోంది. సాయంత్రం నడవండి మహానుభావా అని నెత్తీ నోరూ కొట్టుకుంటే ఇన్నాళ్ళకి విన్నారు.”

వాడు నాకేసి చూసి కన్ను గీటాడు. నేను మరకలు చూసుకున్నాను.

కాసేపాగి, “పెద్దక్కా, మీదికెళ్ళి ఓ దణ్ణం పెట్టుకొస్తా” అని మెట్లెక్కాడు. నా దేవుడి అరలో దీపం వెనక చెల్లి ఇచ్చిన సీసా ఉంది. దాని మీద ఆకు బొమ్మ. ఒళ్ళు తగ్గే ఆకుల గుళికలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

మరదలికి తెలియకూడదు. చెల్లి ఒకసారి ముఖానికి రాసుకోమని ఏదో లేపనం ఇస్తే మరదలి బుగ్గలు ఎర్రగా పొంగిపోయాయి. “మీ చెల్లెలి సీసా ఇంకొకటి ఈ గడప దాటిందంటే నేను దాటి పోతాను” అంది ఆ రోజు. ఏడాది పాటు ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడిప్పుడే ఒక బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నారు.

“నీ అరలో పెడతా పెద్దక్కా. అక్కడ అది చెయ్యి పెట్టదు” అన్నాడు వాడు.

“దేవుడి దగ్గర దొంగ సరుకా?”

“ఆయనకి తెలిసే పెడుతున్నాంగా! దొంగ సరుకు ఎలా అవుతుంది?”

నవ్వాను. అంతే. ఆ పొద్దున ఇంకేమీ జరగలేదు.

ఈ రోజు వాడి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. మూర్ఛ మాత్ర వేసుకునేవాళ్ళకు అప్పుడప్పుడూ చేస్తారు. ఎప్పుడూ బాగానే ఉండేది. ఈసారి కాలేయం అంకెలు ఉండవలసినదానికి నాలుగింతలున్నాయి. మరదలు కౌంటర్ వదిలి రాలేక నన్ను తోడు పంపింది.

“ఈ మాత్ర ఒక్కోసారి కాలేయాన్ని ఇబ్బంది పెడుతుంది. సగానికి తగ్గించి, నెలకి మళ్ళీ చూద్దాం” అన్నాడు నరాల డాక్టరు. “వేరే మందులేమైనా వాడుతున్నారా?”

“లేదండీ” అన్నాడు తమ్ముడు.

డాక్టరు నా వైపు చూశాడు. “ఏమ్మా?”

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన అడిగింది మందుల గురించి. అవి ఆకులు. మందుల షాపులో దొరకవు.

రాసి చూసుకుంటే సరిగానే ఉంది.

జూన్ 11

దీపం తుడిచాను. సీసా కొంచెం లోపలికి జరిపాను.

జూన్ 15

చెల్లి వచ్చింది. తను వ్యాయామం నేర్పే చోట ముందు గదిలో కూర్చుని పేర్లు రాసుకుంటుంది. సీసాలు అక్కడే అమ్ముతుంది. మరదలు కింద ఉందని గొంతు తగ్గించి మాట్లాడింది.

రిపోర్టు సంగతి చెప్పాను.

“అయ్యో అక్కా, కంగారు పడతావేంటి! అది లోపలి చెత్తంతా కడిగేస్తోంది. నువ్వు దుప్పటి నానబెడితే మొదటి నీళ్ళు నల్లగా రావూ? నీళ్ళు నల్లబడ్డాయని ఉతకడం మానేస్తావా?”

ఆ మాట మా ఇంట్లో ఎవరికైనా ఎక్కుతుంది. తమ్ముడు పడీపడీ నవ్వాడు. “అయితే చిన్నక్కా, నేనింకా మొదటి నీళ్ళలోనే ఉన్నానన్నమాట.”

“రెండో నీళ్ళకి తేటపడతావులే మూటా. మన కుట్టుమిషనావిడకి కూడా ఇచ్చాను. మోకాళ్ళు తేలికయ్యాయంటోంది.”

కుట్టుమిషనావిడ మా చిరుగు దుప్పట్లు కుట్టిపెడుతుంది.

“ఆవిడకి గుండె ఆపరేషనైంది కదే. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది” అన్నాను.

“మోకాళ్ళకిచ్చాను అక్కా, గుండెకి కాదు.”

కింద నుంచి మరదలు టీకి పిలిచింది. నలుగురం కలిసి తాగాం. మరదలు చెల్లికి చక్కెర తనే వేసి కలిపింది. ఇల్లు ఇలా ఉంటే చాలనిపించింది.

జూన్ 30

తమ్ముడు పొద్దున్నే చెప్పాడు. “పెద్దక్కా, పరీక్షకి ఇంకా వారముంది. ఇవాళ్టి నుంచి గుళికలు ఆపేస్తున్నా.”

“ఎందుకు?”

“రక్తం శుభ్రంగా ఉండాలిగా. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకోమూ? వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మన చిందరవందర మనకుంటుంది. చిన్నక్క దగ్గర కొనేవాళ్ళందరూ ఇలాగే చేస్తారట.”

నాకిది మంచిగానే తోచింది. ఉపవాసం లాంటిదనిపించింది. ఈ వారం నేనూ ఒక పూటే తింటాను.

జూలై 8

అంకెలు సగానికి పైగా దిగాయి. దేవుడా, నీ దయ.

నరాల డాక్టరు సంతోషించాడు. “అనుకున్నదే. మాత్ర తగ్గించగానే తగ్గింది. కాబట్టి దాన్ని నెమ్మదిగా మానేద్దాం. కొత్తది కొద్దికొద్దిగా మొదలుపెడదాం.”

ఇంటికొచ్చి చెప్పగానే మరదలు నన్ను గట్టిగా వాటేసుకుంది. “అంతా మీ ప్రార్థనే వదినా.”

కాదనలేదు.

జూలై 9

కొత్త సీసా వచ్చింది. పాతదానికన్నా పెద్దది. ఆపిన వారం లోటు పూడ్చాలని పూటకు రెండు వేసుకుంటున్నాడు. దీపం వెనక పట్టక దాన్ని ప్రార్థన పుస్తకాల వెనక పెట్టాను.

పెట్టాడు కాదు. పెట్టాను.

జూలై 20

కుట్టుమిషనావిడ చిరుగుల కట్ట తీసుకెళ్ళడానికి వచ్చింది. మోచేతుల పైన కమిలిన మచ్చలు, వంకాయ రంగులో.

“మిషను బల్ల తగిలిందండీ” అంది నేను చూడటం చూసి.

రెండు చేతులకూనా అని అడగబోయాను. అప్పుడే నర్సింగ్ హోమ్ బండి వచ్చింది.

జూలై 28

తమ్ముడు తినడం లేదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే వెనక్కి వస్తోందంటాడు. ఒళ్ళంతా గోక్కుంటాడు. ఇదివరకు భుజాన రెండేసి మూటలు వేసుకుని ఈల వేస్తూ మెట్లెక్కేవాడు. ఇప్పుడు మూట మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు.

“కొత్త మాత్ర పడటం లేదు” అంది మరదలు.

“అదే అయ్యుంటుంది” అన్నాను.

ఆగస్టు 5

మళ్ళీ పరీక్ష. మళ్ళీ ముందు వారం ఆపాడు. అంకెలు పోయినసారి కన్నా కాస్త ఎక్కువే. “పాత మాత్ర ఇంకా ఒంట్లో ఉన్నట్టుంది. దాన్ని పూర్తిగా ఆపేయండి” అన్నాడు డాక్టరు.

పూర్తిగా ఆపేశాం.

తిరిగొస్తూ ఆటోలో వాడు నా భుజం మీద తల పెట్టి పడుకున్నాడు. బరువు లేదు. కాటా ఎక్కితే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను. ఎక్కలేదు.

ఆగస్టు 12

మధ్యాహ్నం ఇస్త్రీ చేసే రోలర్ ప్రెస్ దగ్గర దుప్పట్లు మడత పెడుతున్నాం. ఆ చివర వాడు, ఈ చివర నేను. చిన్నప్పటి నుంచీ ఇది మా ఇద్దరి పనే. నేను లాగితే వాడు లాగుతాడు, దుప్పటి బిగిసి టప్పున మోగుతుంది. అప్పుడు ఇద్దరం దగ్గరికి నడిచి అంచులు కలుపుతాం. ఒకరినొకరు చూసుకోనవసరం లేదు.

లాగాను. అటు నుంచి బిగువు రాలేదు.

తలెత్తి చూసేసరికి వాడు మెడ ఒక పక్కకు తిప్పి, నేను చూడనిదేదో చూస్తున్నాడు. తర్వాత పడ్డాడు. ప్రెస్ మీద కాదు, దుప్పట్ల గుట్ట మీద. అంతవరకు దేవుడు చూశాడు.

మరదలు పరుగెత్తుకొచ్చింది. నేను వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మా అమ్మ చేసేది గుర్తుంది. నాలుక కొరుక్కున్నాడు. తెల్ల దుప్పటి మీద రక్తం.

“ఇదా? ఇలా ఉంటుందా వదినా?” మరదలి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. “పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. మూర్ఛ ఉందన్నారు, మాత్ర వేసుకుంటారన్నారు, అంతే అనుకున్నాను.”

వాడు తేరుకున్నాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఎవరు పోయారు? ఆ మొహాలేంటి?” అన్నాడు, నాలుక తడబడుతూ. మరదలు నవ్వబోయి ఏడ్చింది.

“ఆ మాత్ర బంగారంలా పనిచేసింది ఇన్నాళ్ళూ. మాన్పించాడు ఆ మహానుభావుడు! రేపే వెళ్ళి కడిగేస్తాను వాణ్ణి.”

“నెమ్మదించు” అన్నాను.

ఈ రోజంతా నేను అన్న మాట అదొక్కటే.

రక్తం మరక చన్నీళ్ళలో వేశాను. పోయింది.

ఆగస్టు 13

రాయడానికేమీ లేదు.

ఆగస్టు 16

తమ్ముడి పైజమా మీద మరక.

తుప్పు కాదు. టీ కాదు. ముదురు డికాషన్ రంగు, అంచుల్లో పసుపు. మరకలు చూసి ఏదేమిటో చెప్పడం నా పని. నర్సింగ్ హోమ్ దుప్పట్లలో ఇలాంటివి చూశాను. అవి ఎలాంటి మనుషుల కింద నుంచి వస్తాయో కూడా తెలుసు.

యంత్రంలో వేయలేదు. మేడ మీద చేత్తో ఉతికి, మరదలు పైకి రాకముందే ఆరేశాను.

వాడికి చెప్పాను, ఆ గుళికలు కొన్నాళ్ళు ఆపరా అని.

“ఆపితే మళ్ళీ మూటనే పెద్దక్కా” అన్నాడు. తర్వాత, “సరేలే, పరీక్షకి ముందు ఎలాగూ ఆపుతాగా.”

ఆగస్టు 17

మళ్ళీ ఉతికాను.

ఆగస్టు 19

పొద్దున వీధి తలుపు దగ్గర వెలుగులో మరదలు వాడి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. “కళ్ళు చూడండి వదినా. కళ్ళు!”

చూశాను. అంతకు ముందే చూశాను.

పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. కాలేయం వార్డు.

ఆగస్టు 20

ఈ వార్డు డాక్టరమ్మ చిన్న పిల్ల. కూర్చుని అడుగుతుంది, నిలబడి కాదు. తాగుడుందా, పుట్టగొడుగులు తిన్నారా, ఇంట్లో ఎవరికైనా కామెర్లొచ్చాయా. మూత్రం రంగు ఎప్పటి నుంచి మారిందని అడిగింది.

“తెలీదండీ. ఆయన బట్టలు వదినే ఉతుకుతారు” అంది మరదలు.

“ఈమధ్యనే” అన్నాను నేను.

ఆమె మళ్ళీ అడిగింది. “ఆకుల గుళికలు, పొడులు, కషాయాలు? ఒళ్ళు తగ్గడానికి, నిద్రకి, మోకాళ్ళకి, దేనికైనా సరే. మందు కాదని మీరనుకునేవి కూడా చెప్పండి. నేనేమీ తిట్టను.”

మందు కాదని మీరనుకునేవి కూడా.

మరదలు వెంటనే అంది: “మా ఇంట్లో అలాంటివుండవు డాక్టర్. నేను గడప దాటనివ్వను.”

ఎంత నమ్మకంగా అందో. పక్కనే ఉన్నాను. చీర కొంగు చివర మడత పెట్టాను, విప్పాను, మళ్ళీ పెట్టాను.

తమ్ముడు మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. నా వేలు పట్టుకుని నొక్కాడు. చెప్పొద్దని నొక్కాడో చెప్పమని నొక్కాడో.

చెప్పొద్దనే అయ్యుంటుంది.

సాయంత్రం ఆసుపత్రి ప్రార్థన గదిలో కూర్చున్నాను. గోడకు ఏ బొమ్మా లేదు, కుర్చీలే. ఎప్పుడూ చెప్పే మాటలు మొదలుపెట్టాను. మధ్యలో ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆగలేదు.

ఆగస్టు 21

పొద్దున ఇంటికెళ్ళాను. వాడికి తువ్వాలు, దువ్వెన సర్దాను. ప్రార్థన పుస్తకాలు తీసి కింద పెట్టాను. సీసా తీసి తువ్వాలులో చుట్టాను. పాత సీసా కూడా, ఖాళీది.

వార్డులో మరదలు, డాక్టరమ్మ ఇద్దరూ ఉండగానే బల్ల మీద పెట్టాను. ఇద్దరూ లేనప్పుడు పెట్టి ఉండవచ్చు. అలా చేస్తే మళ్ళీ సగమే చెబుతానని భయమేసింది.

“ఇదేంటి?” అంది మరదలు.

డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది. “ఎన్నాళ్ళుగా?”

“వేసవి మొదటి నుంచి.”

“రోజూనా?”

“రోజూ. పరీక్షకు ముందు వారం తప్ప.”

ఆమె చేతిలో సీసా ఆగిపోయింది. “పరీక్షకి ముందు ఆపేవారా? ఎందుకమ్మా?”

“రక్తం శుభ్రంగా ఉండాలని.”

ఆమె సీసా బల్ల మీద పెట్టింది. తర్వాత ఆమె చాలా నెమ్మదిగా, లెక్క విడమరిచినట్టు చెప్పింది. గుళికలు ఆపినప్పుడల్లా కాలేయం కాస్త తేరుకుంది. అదే సమయానికి మూర్ఛ మాత్ర తగ్గించారు. మాత్ర తగ్గించినందుకే అంకెలు దిగాయని డాక్టరు అనుకున్నాడు. పరీక్ష అయ్యాక గుళికలు మళ్ళీ మొదలు, అదీ రెట్టింపు. “ఒకసారి దెబ్బ తిన్న కాలేయానికి మళ్ళీ అదే ఇస్తే రెండో దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఇంకా పరీక్షలున్నాయి, నూటికి నూరుపాళ్ళూ ఇదేనని ఇప్పుడే అనను. కానీ ఏ పాపమూ ఎరగని మాత్రని మాన్పించాం అనిపిస్తోంది. అందుకే మూర్ఛ తిరగబెట్టింది. మొదటి రోజే ఇది చూపించి ఉంటే...” అని ఆగింది. తిట్టనని చెప్పింది కదా. తిట్టలేదు.

“ఆకులే కదండీ?” అన్నాను. నా నోటి నుంచే వచ్చింది.

“ఆకులే. కొన్ని ఆకులు కొందరి కాలేయానికి పడవు. ఎవరికి పడవో ముందుగా తెలీదు. పైగా ఆకు రసమంతా పిండి ఒక్క గుళికలో కూరితే అది ఆకు తిన్నట్టు కాదు. సీసా మీద రాసిందే లోపల ఉందో లేదో కూడా తెలీదు. ఇంకెవరు వేసుకుంటున్నారు ఇవి?”

“చెల్లి. ఇంకా చాలామంది. చెల్లికి తెలుసు.”

“వాళ్ళలో గుండె మందులు, రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్ళుంటే ఇంకా ప్రమాదం. ఈ ఆకుల్లో కొన్ని ఆ మందుని పని చేయనివ్వవు, కొన్ని మరీ ఎక్కువ పని చేయిస్తాయి. గడ్డకట్టొచ్చు, లేదా రక్తం ఆగకపోవచ్చు.”

వంకాయ రంగు మచ్చలు గుర్తొచ్చాయి. గుర్తు రావడం కాదు, నేను మరిచిందెప్పుడు.

ఆమె వెళ్ళాక మరదలు అడిగింది. “ఎక్కడుండేది?”

“దీపం వెనక.”

“దేవుడి అర కదా, మీది కదా అని నేనక్కడ దుమ్ము కూడా దులపలేదు వదినా.”

అరవలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను తువ్వాలు మడత పెట్టాను.

ఆగస్టు 22

తమ్ముడికి తెలివి మసకబారుతోంది. కాలేయం వడకట్టలేని విషం మెదడుకెక్కుతోందట. నన్ను చూసి, “పెద్దక్కా, నీలం దారం మూట తూచావా?” అన్నాడు. తూచానన్నాను. “లాగు మరి” అని దుప్పటి అంచు నా చేతికిచ్చాడు. కప్పుకున్న దుప్పటే. లాగాను. వాడు వదిలేశాడు.

చెల్లి వచ్చింది. వచ్చీ రాగానే, “నేనూ వేసుకుంటున్నాగా! నాకేం కాలేదే! మీరంతా కలిసి నా మీద...” అని మొదలుపెట్టింది. మరదలు తిరిగి చూసేసరికి ఆపేసింది.

కాలేయం కోలుకునే జాడ లేదన్నారు. బతికున్న మనిషి కాలేయంలో ముక్క తీసి పెట్టాలి, అది రెండుచోట్లా పెరుగుతుంది, ఎక్కువ రోజులు లేవు అన్నారు. ముగ్గురి రక్తమూ తీసుకున్నారు.

ఆగస్టు 23

ఫలితాలు చెప్పారు. నాకు వయసు దాటిపోయింది, బీపీ కూడా ఉంది, కుదరదు. చెల్లి కాలేయం అంకెలు మామూలుగా లేవు, మూడింతలున్నాయి. చెల్లి ఆ కాగితం పట్టుకుని గోడకు చేరగిలబడింది. “నాకేం నొప్పి లేదే” అంది చిన్నపిల్లలాగా. “మీ తమ్ముడికీ మొదట లేదు” అంది డాక్టరమ్మ.

మరదలిది సరిపోయింది. రక్తం గ్రూపు, కాలేయం సైజు, అన్నీ.

సాయంత్రం వార్డు బయట బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. నర్సు వచ్చి ఆలోచించుకుని చెప్పండి, రేపు పొద్దున్నే మొదలుపెట్టాలి, ఇచ్చేవాళ్ళకీ ప్రమాదం ఉంటుంది అని చెప్పి వెళ్ళింది.

“ఆలోచించడానికేముంది” అంది మరదలు. “ఇచ్చేది నేను.”

చెల్లి ఏడుపు అందుకుంది. “నన్ను క్షమించు, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“కాళ్ళు రేపటి దాకా నాక్కావాలి చిన్న వదినా, వదలండి. మీరు తెలియక ఇచ్చారు. మీరూ మింగారు. మిమ్మల్ని తిట్టడానికి నాకిప్పుడు ఓపిక లేదు, లేచాక తిడతాను.” తర్వాత నా వైపు తిరిగింది. “మీకు తెలుసు.”

“తెలుసు.”

“మరక కూడా చూశారు.”

“చూశాను.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఇంట్లో గొడవ వద్దని.”

“గొడవైతే ఏమయ్యేది? నేను నాలుగరుపులు అరిచేదాన్ని. పుట్టింటికి పోతానని పెట్టె సర్దేదాన్ని. మళ్ళీ విప్పేదాన్ని. అంతేగా! ఆయన కళ్ళు తెల్లగా ఉండేవి.” పొట్ట మీద చెయ్యేసుకుంది. “ఇన్నాళ్ళూ మీరు నోరు తెరవలేదు. రేపు నా పొట్ట తెరుస్తారు.”

నేనేమీ అనలేదు. అనకపోవడం ఇక్కడ కూడా తప్పేనేమో అనిపించి, “అవును” అన్నాను.

“రేపు నేను గుడ్డల గదిలో కూర్చుని...” అని మొదలుపెట్టాను. ప్రార్థన గది అనబోయి అలా అనేశాను.

“వద్దు వదినా. రేపు మీరు ప్రార్థన చేస్తూ కూర్చోవద్దు. ఇక్కడ అసలు ఉండొద్దు.”

ఏం నిర్ణయమైందో రాస్తున్నాను.

రేపు పొద్దున మరదలు, తమ్ముడు పక్కపక్క గదుల్లోకి వెళతారు. బయట మరదలి అన్న ఉంటాడు, ఆయన ఈ రాత్రి బండికి వస్తున్నాడు. నేనుండను. చెల్లి, నేను కలిసి సీసాలు వెళ్ళిన ప్రతి ఇంటికీ వెళతాం. చెల్లి తలుపు తడుతుంది. చెప్పేది మాత్రం నేను. నా తమ్ముడు ఇవి మింగాడు, నాకు తెలుసు, చెప్పలేదు, ఈ రోజు వాడి కాలేయం తీసేస్తున్నారు, మీ దగ్గరున్నది ఇవ్వండి, మీ డాక్టరుకి అంతా చెప్పండి అని. ప్రతి గుమ్మంలోనూ మొత్తం చెప్పాలి. తగ్గించకూడదు. సీసాలన్నీ తెచ్చి డాక్టరమ్మకు అప్పగించాలి, ఆమె పై అధికారులకు పంపుతుంది.

“ఫోన్లో చెబితే చాలదూ?” అంది చెల్లి.

“పెద్ద వదినకి ఫోనిస్తే రెండు ‘ఊ’లు కొట్టి పెట్టేస్తారు” అంది మరదలు. ఆ బెంచీ మీద ముగ్గురికీ నవ్వొచ్చింది. ఎంతోసేపు ఉండలేదు.

ఒక్క ఇంటికి మాత్రం ఇప్పుడే ఫోను చేయమంది, తన ముందే. కుట్టుమిషనావిడ కూతురు ఎత్తింది. అమ్మ పడుకుంది, పొద్దున్నుంచి చిగుళ్ళ నుంచి రక్తం ఆగడం లేదు, మామూలేనంటోంది అంది. మామూలు కాదమ్మా, ఆ ఆకుల గుళికలు ఆపి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళు, సీసా కూడా పట్టుకెళ్ళు, ఆమె వేసుకునే గుండె మాత్రతో అవి కలవకూడదు అన్నాను. నా గొంతు వరండా అంతా వినిపించింది. అటుగా వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు.

“మీకెవరు చెప్పారండీ?” అంది ఆ పిల్ల భయంగా.

“డాక్టరమ్మ మొన్ననే చెప్పింది. కానీ జూన్ నుంచీ నాకు తెలుసు” అన్నాను.

మరదలు ఫోను తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. “రేపు కూడా ఇంత గట్టిగానే చెప్పండి వదినా” అంది.